ఎలాగూ వెళ్తున్నావుగా

హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకుంటూ ఆమె గుమ్మంలో నిలబడి ఉండగా లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఎలాగూ బయటికి వెళ్తున్నావుగా, వచ్చేటప్పుడు నా మోకాళ్ళ మందు పట్టుకురా తల్లీ."

ఆమె సైకిలు తొక్కడం మొదలుపెట్టి అది ఐదో రోజు. మొదటి నాలుగు రోజులూ ఎవరూ ఏమీ అడగలేదు. మూణ్ణాళ్ళ ముచ్చటే అనుకున్నారు కాబోలు. ఐదో రోజుకి ఇది నిలిచేలాగే ఉందని నమ్మకం కుదిరింది, పని చెప్పారు. ఒక్క మందేగా అనుకుని ఆమె తలూపింది.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా "గాలి పీల్చండి, బిగబట్టండి, వదలండి" అని ఊరందరి ఊపిరితిత్తులకీ చెప్పడమే ఉద్యోగం. తన ఊపిరి సంగతి మాత్రం లిఫ్టు చెడిపోయిన రోజున తెలిసొచ్చింది. రెండంతస్తులు ఎక్కేసరికి గుండె దడదడలాడి, రెయిలింగు పట్టుకుని మెట్టు మీదే చతికిలబడింది. వెనకాల వస్తున్న పేషెంటు ఒకాయన ఆగి, "డాక్టరుగారిని పిలవనామ్మా?" అనడిగాడు. మెడలో వేలాడుతున్న ఆసుపత్రి కార్డుని ఆమె గుప్పిట్లో దాచుకుంది. రక్తపరీక్షల కాగితం చూసి డాక్టరు పెదవి విరిచాడు. "నలభై ఆరేళ్ళకే ఇలాగైతే ఎలా? రోజూ ఓ గంట ఒళ్ళు వంచాలి."

ఆ మాట ఇంట్లో చెబితే భర్త పేపర్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "పొద్దున లేచిన దగ్గర్నుంచీ బొంగరంలా తిరుగుతూనే ఉంటావు. ఇంటిపనిని మించిన వ్యాయామం ఇంకేముంది?" ఇంటిపని కూడా పనేనని ఆయన ఒప్పుకున్నది ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. అదీ, ఆమెకి ఇంకోటి అక్కర్లేదని చెప్పడానికి.

సైకిలు ఫిజియోథెరపీ గదిలో పనిచేసే అమ్మాయిది. ఆదివారాలు పదిమందితో కలిసి రోడ్ల వెంట తొక్కుతుంది. కొత్తది కొనుక్కుని పాతది ఆమెకిచ్చేసింది. "మా బాల్కనీలో తుప్పు పట్టిపోతోందక్కా, మీరు తొక్కితే దానికీ పుణ్యం."

సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, అరచెయ్యంత సీటు. చిన్నప్పుడు అన్నయ్య సైకిలు తొక్కిన ధీమాతో ఎక్కింది. ముందుకి వంగితే పొట్ట అడ్డం, తలెత్తితే మెడ పట్టెయ్యడం. గేరు మార్చబోయి చైను ఊడగొట్టుకుంది. రెండో రోజు అపార్ట్‌మెంటు గేటు ముందు, ఆగి ఉన్న సైకిలు మీంచి అమాంతం పక్కకి ఒరిగి పడిపోయింది. వాచ్‌మన్ చూడనట్టు మొహం అటు తిప్పుకున్నాడు. మోచెయ్యి చీరుకుపోయినందుకు కాదు, ఆ మర్యాదకి ఆమెకి ఏడుపొచ్చింది. కూతురు దెబ్బకి మందు రాస్తూ, "అమ్మా, ప్లీజ్, మా కాలేజీ రోడ్డు వైపు మాత్రం వెళ్ళకు" అంది.

ఓ ఆదివారం ఫిజియో అమ్మాయి తన గుంపుతో రమ్మంది. వాళ్ళు మంచివాళ్ళే. ప్రతి మలుపు దగ్గరా ఆగి, నీళ్ళు తాగుతూ, జోకులేసుకుంటూ ఆమె కోసం చూసేవారు. ఆమె ఆయాసపడుతూ చేరుకోగానే "శభాష్ అక్కా!" అని చప్పట్లు కొట్టి, బయల్దేరిపోయేవారు. వాళ్ళ విశ్రాంతి ముగిసే చోటికి ఆమె చేరేది. ఇంట్లో భోజనాలూ అంతే కదా, అనుకుంది మూడో మలుపు దగ్గర, వాళ్ళ వీపులు చిన్నవైపోతుంటే. అందరికీ వడ్డించి కంచం ముందు కూర్చునేసరికి వాళ్ళు చేతులు కడుక్కుంటూ ఉంటారు. ఆమె మీద ఎవరికీ కోపం లేదు, ద్వేషం లేదు. ఉన్నదల్లా ఆమె చేరేసరికి లేచిపోయే అలవాటే. ఆ తర్వాత ఆమె ఒక్కతే తొక్కడం మొదలుపెట్టింది.

ఆ ఒక్క గంట కోసం ఐదింటికే లేచి వంట చేసి, డబ్బాలు సర్ది, ఆరున్నరకి గుమ్మం దాటేది. మందు తర్వాత పాలు వచ్చాయి. పాల తర్వాత బ్రెడ్డు. "ఎలాగూ ఆ వీధిలోంచేగా" అని ఇస్త్రీ చొక్కాలు. "ఎలాగూ దారేగా" అని ఆడపడుచు ఇంట్లో ఇవ్వాల్సిన సంచీ. దారి కానిది కూడా వాళ్ళ నోట దారయ్యేది. మందుల షాపు ముందు నిలబడి గడియారం చూసుకుంటుంటే, గంటలో తొక్కింది ఎంతో, నిలబడింది ఎంతో ఆమెకే తెలిసేది కాదు.

పుట్టినరోజు నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి సైకిలు హ్యాండిలుకి ఇనుప బుట్ట బిగించి ఉంది. భర్త స్వయంగా, స్పానరు పట్టుకుని, చెమటోడ్చి బిగించాడు. "నీ సైకిలు సంగతి నాకు పట్టదంటావుగా, చూడు!" కూతురు ఫొటో తీసింది. అత్తగారు, "వాడికి నువ్వంటే ఎంత శ్రద్ధో" అని మురిసిపోయింది. ఆమె నవ్వింది. "బాగుందండీ" అంది. ఆ మాట ఎంత అలవాటుగా జారిందంటే, తన గొంతేనా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. మర్నాడు సైకిలు మీదే డ్యూటీకి వెళ్తే, ఆసుపత్రి షెడ్డులో ఫిజియో అమ్మాయి ఆ బుట్ట చూసి పడీపడీ నవ్వింది. "గుర్రానికి గాడిద బరువు కట్టారేంటక్కా!" ఆమె కూడా నవ్వింది. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక కూడా ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, చెంపలు నొప్పి పుట్టాయి.

ఊరి చివర రైలు పట్టాల మీద ఒక వంతెన ఉంది. సగం ఎత్తుకి చేరేసరికి రోజూ ఆమె ఊపిరి అందక దిగిపోయి, సైకిలు నడిపించుకుంటూ వెనక్కి తిరిగేది. ఒక బుధవారం మాత్రం, బుట్టలో పాలూ బ్రెడ్డూ చొక్కాలూ ఉండగానే, దిగలేదు. తొడలు మండాయి. చెవుల్లో రక్తం హోరెత్తింది. "పీల్చు, వదులు" అని తనకి తానే చెప్పుకుంది. ఒక దీపస్తంభం దాటింది, ఇంకోటి దాటింది. ఉన్నట్టుండి పెడల్ తేలికైపోయింది. చూస్తే వంతెన నడినెత్తిన ఉంది. కింద ఓ గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. ఆమె గట్టిగా ఏదో అరిచింది, ఏమని అరిచిందో తనకే తెలియలేదు. అంతలో గడియారం గుర్తొచ్చింది. పాలు. వెనక్కి తిప్పింది.

"ఇవాళ వంతెన ఎక్కాను, మధ్యలో ఎక్కడా దిగకుండా" అంది గుమ్మంలోనే.

"బ్రెడ్డంతా నలిగిపోయింది చూడు" అన్నాడు భర్త.

కూతురి చెవుల్లో పాటలున్నాయి. అత్తగారు మాత్రం "ఏ వంతెన?" అంది. ఆమె ఆశగా అటు తిరిగేలోగా, "అయ్యో, ఆ చొక్కాలు తడి బల్ల మీద పెట్టకమ్మా" అని ముగించేసింది.

ఆ మధ్యాహ్నం ఛాతీ ఎక్స్‌రేకి ఒక ముసలావిడ వచ్చింది. పిట్టలా ఉంది, ఒంటరిగా వచ్చింది. ఆమె ఆవిణ్ణి ప్లేటుకి ఆనించి నిలబెట్టి, భుజాలు సర్ది, అద్దం వెనక్కి వెళ్ళి మైకులో "గాలి పీల్చండి, బిగబట్టండి" అంది. బటన్ నొక్కింది. అయిపోయింది. నోరు తెరిస్తే రావలసిన మాట రాలేదు. "మామ్మగారూ, నేనివాళ సైకిలు మీద వంతెన ఎక్కానండీ" అని వచ్చింది.

ముసలావిడ కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి వదలకుండా, ఉబ్బిన బుగ్గలతోనే చెయ్యి ఊపింది.

"అయ్యయ్యో, వదలండి, వదలండి!"

ఆవిడ ఊపిరి వదిలి, దగ్గి, నవ్వి, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "చంపేదానివే తల్లీ! సరేగానీ, వంతెన అవతల ఏముంది?"

"తెలీదండీ. పైదాకా వెళ్ళి వచ్చేశాను. పాలు తీసుకెళ్ళాలని."

"అంత ఎత్తు ఎక్కి, అటు చూడకుండానే వచ్చేశావా?" అంది ముసలావిడ. ఆ గొంతులో తప్పుపట్టడం లేదు. నిజంగా తెలుసుకోవాలన్న ఆసక్తే ఉంది. ఎన్ని నెలల తర్వాతో, ఎన్నేళ్ళ తర్వాతో, ఆమెని ఆమె గురించి ఒకరు అడిగిన ప్రశ్న అది. ఫిల్ము మీద పేరు అంటిస్తుంటే ఆమెకి అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి.

మర్నాడు ఉదయం ఆమె స్పానరు తీసుకుని బుట్ట విప్పింది. నట్లు గట్టిగా బిగించాడు ఆయన, చాలాసేపు పట్టింది. బుట్టని తీసుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. అందులో మందుల చీటీ, పాల సంచీ, ఇస్త్రీ షాపు టోకెన్ వేసింది.

"ఇదేంటి, విప్పేశావు?" భర్త గొంతులో నిజంగానే నొప్పి ఉంది. అది చూసి ఆమెకి జాలేసింది కూడా. అయినా ఆగలేదు.

"ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నేనుండనండీ. ఇవన్నీ ఎవరికి వీలైతే వాళ్ళు చూసుకోండి."

"మధ్యలో ఏదైనా కావలసొస్తే?"

"ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఫోన్ చెయ్యండి. వస్తువు కావాలంటే మాత్రం చెయ్యకండి."

హెల్మెట్ పెట్టుకుని గుమ్మం దాటింది. మెట్లు దిగుతున్నంతసేపూ వెనకనుంచి పిలుపు వస్తుందని ఆమె వీపు ఎదురుచూసింది. రాలేదు. వంతెన ఎక్కుతూ మధ్యలో ఒకసారి ఆగిపోయింది, సిగ్గుపడకుండా దిగింది, మళ్ళీ ఎక్కింది. నడినెత్తిన నిలబడి ఫోను తీసి చూసుకుంది. ఎవరూ చెయ్యలేదు. తను అడిగిందే అది. వాళ్ళు ఆ మాట అక్షరాలా పాటించారు. వస్తువులు అక్కర్లేకపోతే ఈ ఇంట్లోవాళ్ళు తనకి ఫోన్ చెయ్యడానికి ఇంకో కారణం ఏదీ లేదని, ఆ ఖాళీ తెర మీద అంత స్పష్టంగా రాసి ఉన్నట్టు కనిపించింది. ఏడ్చింది. హెల్మెట్ పట్టీ దాకా తడిసేలా, ఆపేవాళ్ళెవరూ లేరు కనక కావలసినంతసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఫోను జేబులో పెట్టుకుని, సైకిలు వెనక్కి తిప్పకుండా అవతలి వైపుకి దిగింది.

అటువైపు దుకాణాలేవీ లేవు.