మూడు ఎడమలు

మామగారి దగ్గరున్న వీధి తలుపు తాళంచెవి తీసేసుకుందామని మొగుడు, తీసేసుకుని ఆయన మొహం ఎలా చూడమంటారని పెళ్ళాం, వారం నుంచీ చెరో పట్టు మీద ఉన్నారు. ఆ ఆదివారం పొద్దున కూడా ఆమె కుట్టుమిషన్ ఆపకుండానే సమాధానాలు చెబుతోంది. మామగారు స్నానాల గదిలో ఉన్నారు కాబట్టి ఇద్దరూ గొంతు తగ్గించే దెబ్బలాడుకుంటున్నారు.

జరిగింది ఇదీ. రొట్టెల దుకాణానికని బయల్దేరిన మామగారు బాగా చీకటి పడ్డాక, కాలువ అవతలి పేట నుంచి తిరిగొచ్చారు. రోడ్డు తవ్వేశారు, చుట్టు తిరిగి వచ్చానన్నారు. కొడుకు నమ్మలేదు. మతిమరుపు మొదలైందని తేల్చేశాడు. ఏ బండి కిందైనా పడతారని అతని భయం. తాళంచెవి పోతే నడక పోతుంది, నడక పోతే మనిషి మంచానికి అతుక్కుపోతాడని ఆమె భయం. పగలంతా ఇంట్లో ఆయన్ని చూసేది ఆమే మరి.

చివరికి అతనికో ఉపాయం తట్టింది. తన చిన్నప్పుడు నాన్న కొన్న కంప్యూటర్ అటక మీద ఉంది. టీవీకి తగిలించి, టేపురికార్డర్‌లో క్యాసెట్ పెడితే ఆట వచ్చేది. తెర నిండా గోడలు, సందులు. మనం లోపల ఉన్నట్టే ఉంటుంది. ముందుకి నడవాలి, ఎడమకో కుడికో తిరగాలి, వెనక నుంచి భూతం వచ్చి మింగేలోగా బయటపడాలి. ఆ రోజుల్లో నాన్నకి ఆ దారులన్నీ కంఠతా వచ్చు.

"ఇవాళ ఆడమను. బయటపడితే నేను నోరెత్తను," అన్నాడు.

పాత టీవీతో సహా అన్నీ దించారు. క్యాసెట్ తిరుగుతుంటే వచ్చిన కీచుమోతకి మనవరాలు చెవులు మూసుకుని, పిల్లి తోక తొక్కారా తాతయ్యా అంది. ఆయన ముసిముసిగా నవ్వి కుర్చీ లాక్కున్నారు.

మొదట్లో చకచకా నడిచారు. ఒక మలుపు దగ్గర ఆగిపోయారు. ఉన్నచోటే గిర్రున తిరిగారు. తెర మీద గోడలు మారాయి, మళ్ళీ మారాయి, మళ్ళీ మారాయి. ఇంతలో భూతం మింగేసింది. రెండోసారీ అంతే. మూడోసారీ ఉన్నచోటే బొంగరంలా తిరిగారు. కొడుకు గెలిచినవాడిలా లేడు. తలొంచుకుని గోడకి జారగిలబడ్డాడు.

మామగారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ టీ తాగడానికి వంటింట్లోకి వెళ్ళారు.

అంత కష్టమా ఈ ఆట అనుకుంటూ ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. ముందుకి నొక్కితే నడిచింది. ఎడమకి నొక్కితే తిరిగింది. కుడికి నొక్కితే ఏమీ కాలేదు. గట్టిగా నొక్కింది. మొగుణ్ణి పిలిచి నొక్కించింది. ఉలుకూ పలుకూ లేదు.

"మావయ్యా, ఈ కుడి మీట పనిచెయ్యట్లేదండీ!"

"మొదటి మలుపులోనే తెలిసిందమ్మా," అన్నారాయన, కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి. "కుడికి తిరగాలంటే మూడుసార్లు ఎడమకి తిరిగితే సరి. ఆ కాస్త ఆలస్యానికే ఆ వెధవ వచ్చి మింగేస్తున్నాడు."

"మరి చెప్పరేం నాన్నా?"

"ఎవరడిగార్రా? పరీక్ష హాల్లో కాపలా పంతుళ్ళలా వెనక నిలబడితిరి."

కోడలికి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు, కన్నీళ్ళు తుడుచుకుంటే అవీ ఆగలేదు. దుకాణం దగ్గర కూడా ఇలాగే చేశారా అని అడిగింది. అలాగేనన్నారు. కుడి సందు తవ్వేసి ఉంటే ఎడమకి, ఇంకో ఎడమకి తిరిగారట. మూడో ఎడమ మాత్రం ఎంతకీ రాక, కాలువ దాటాక వచ్చిందట. తవ్వేసిన ఆ కుడి సందులోకి తమ బడి బస్సు కూడా రావట్లేదని, రోజూ మూల దాకా నడుస్తున్నానని మనవరాలు చెప్పింది. ఇన్నాళ్ళూ దాన్నెవరూ అడగలేదు.

కొడుకు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. తండ్రి చెబుతుంటే మీట విప్పి, లోపలి మురికి తుడిచి, మళ్ళీ బిగించాడు. సాయంత్రానికి మామగారు భూతాన్ని వెనకే వదిలేసి దర్జాగా బయటపడ్డారు.

రాత్రి భోజనాల దగ్గర కంచంలోకి చూస్తూనే ఆయన మెల్లిగా అన్నారు.

"స్నానాల గదిలోకి అన్నీ వినపడతాయి. కాలువ అవతల, చీకట్లో, కాస్త భయం వేసిన మాట నిజమే. అందుకని ఇకనుంచి దుకాణానికి వెలుగుండగానే వెళ్ళొస్తాను. తాళంచెవి నా జేబులోనే ఉంటుంది."