భీము అయిపోయే రోజు

"నా బ్యాగులకెల్లి ఆ ఫ్లాస్కు ఎవరు తీసిండ్రు?" సారిక వంటింటి గడపలో నిలబడి అరిచింది.

"నేనే తీసిన. మా అమ్మ ఇచ్చింది అది," అంది తోడికోడలు అశ్విని, పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ.

"కొండల మీద చాయ్ తాగేది మేం కదా అక్కా! ఇంట్ల కూసొని నువ్వేం జేస్తవ్ దాన్ని?"

 రొట్టె పొంగితే అశ్విని గుడ్డతో అదిమింది, కాస్త గట్టిగానే.

పోయిన యేడాదీ ఇంతే. ఇంట్లోవాళ్లు హిమాచల్ యాత్ర పెట్టుకున్నారు: కొండ ఊరు, ఏటి ఒడ్డున గుడారాలు, దేవదారు అడవిలో నడక. సరిగ్గా ప్రయాణం ముందు ఇంటి వెనక సాంచె, అంటే మరమగ్గం మీద భీము, అంటే పడుగు నూలు చుట్టిన దిమ్మె, అయిపోయింది. పాత పోగులకు కొత్త భీము పోగులు ఒక్కొక్కటీ ముడివేసి అతకాలి. ఆ పని కోడళ్లది, వంతులవారీగా. అప్పుడు వంతు సారికది. ఆమె అత్తగారి చెవిలో, "అక్కకు చలి పడదంట, తనే ఉంటదంట" అని ఊదింది. అత్తగారు అశ్వినినే ఆపేశారు. ఎందుకో రైలు కదిలాక గానీ అశ్వినికి తెలియలేదు. దారం కోసి వేళ్లు మండుతుంటే ఫోనులో సారిక మంచు ముద్ద పట్టుకుని నవ్వుతోంది.

ఆ నవ్వును అశ్విని ఏడాదంతా దాచుకుంది. ఈసారి భర్తతో చెప్పి గుట్టుగా తన టికెట్టూ తీయించింది. భీము వారం ముందే అయిపోవాల్సింది. అది సరిగ్గా ప్రయాణం నాటికి ఒడిసేలా, మధ్యాహ్నం మగవాళ్లు కునుకు తీస్తుంటే అశ్విని సాంచె ఆపుతూ వచ్చింది. ఎవరైనా అడిగితే, "పోగు తెగింది" అంది.

భోజనాల దగ్గర మామగారు పల్లీల శేంగా చట్నీ వేసుకుంటూ అన్నారు: "రేపటికి భీము ఒడుస్తది. చద్దర్ల గిరాకీ ఆగడు. ఒకరు ఉండాలె."

"అక్క ఉంటది కదా!" అంది సారిక.

"నాకు చలి పడదని నేనెప్పుడన్న అత్తమ్మా?" అశ్విని నెమ్మదిగా అడిగింది. "పోయినసారి సారిక వంతు నేను చేసిన. ఇప్పుడు నా వంతు ఆమె చెయ్యాలె."

అత్తగారు చిన్న కోడలి వైపు తిరిగారు. "చలి మాట నువ్వే కదనే చెప్పింది?"

సారిక కంచంలో రొట్టెను ముక్కలు చేయసాగింది.

"అయితే ఇగ నువ్వే ఉండు," అన్నారు అత్తగారు.

అశ్విని సారిక కంచంలో ఇంకో రొట్టె వేసింది. "నా టికెట్టు ఉన్నది. రేపు నేను పోతున్న. మంచుల ఫోటోలు పంపిస్త సారికా, ముడులేసుకుంట చూడు. ఫ్లాస్కు మాత్రం నాతోనే వస్తది."