నాన్న నుదుటి వెనక

ఉపేంద్ర విసిరిన కుక్కర్ మూత భార్య ముత్తమ్మ చెవి పక్కగా పోయి గోడకు తగిలింది. ఆమె తేరుకునేలోపే జుట్టు పట్టి ఈడ్చాడు. అడ్డం వచ్చిన కూతురు జ్యోతికను బెల్టుతో ముఖం మీద కొట్టాడు. కూరలో ఉప్పెక్కువైంది, అంతే.

అతను మొదటినుంచీ ఇలాంటివాడు కాదు. కొత్తపేటలో ట్రాలీ ఆటో నడుపుకుంటూ, కూతురికి తనే జడవేసి బడికి పంపిన మనిషి. నిరుడు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బండి బోల్తాపడి నుదురు పగిలింది. కుట్లు మానాయి, మనిషి మారాడు. తాగుడని చుట్టాలన్నారు, గాలి సోకిందని ఇరుగుపొరుగు అన్నారు. తండ్రి చుక్క ముట్టడని జ్యోతికకు తెలుసు.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె చదివే ఇంటర్ కాలేజీకి మృదుల అనే మెదడు డాక్టర్ వచ్చింది. ఆడపిల్లలు మెదడు పరిశోధనల్లోకి రావాలని చెప్పి, ప్రశ్నలడగమంది. వాచిన ముఖంతో జ్యోతిక లేచింది.

"నుదుటికి దెబ్బ తాకితే మంచి మనిషి కొట్టేటోడైతడా మేడమ్?"

హాలంతా తిరిగి చూసింది.

"కొన్నిసార్లు అవుతాడమ్మా" అంది మృదుల. "నువ్వు తర్వాత ఉండు, మాట్లాడదాం."

ఆ వారంలోనే తల్లీకూతుళ్లు ఎల్బీనగర్‌లో మృదుల పనిచేసే ఆసుపత్రికి ఉపేంద్రను తీసుకెళ్లారు. స్కానింగ్ అయ్యాక కాసేపు కూర్చోమన్నందుకు అతను కుర్చీ ఎత్తి అద్దాల తలుపు పగలగొట్టాడు. ఆపబోయిన మృదుల గొంతు పట్టి గోడకు నొక్కాడు. వార్డుబాయ్‌లు మీదపడి మత్తుసూది పొడిచేదాకా వదల్లేదు. గాజు గుచ్చుకున్న అతని అరచేతి నుంచి నేలంతా రక్తం.

మెడ మీద ఎర్రటి వేళ్ల గుర్తులతోనే మృదుల వాళ్లిద్దరికీ స్కాన్ చూపించింది.

"నుదుటి వెనక ఈ భాగం దెబ్బతింది. కోపాన్ని ఆపడంలో దీనిదే పెద్ద పాత్ర."

"మంచిగైతదా?" అంది జ్యోతిక.

"మందులతో తగ్గొచ్చు. మునుపటి మనిషి రాకపోవచ్చు. కారణం తెలిసింది కదాని మీరు దెబ్బలు తినక్కర్లేదు. ముందు వేరే చోటికి మారండి."

"పాడైనదాన్ని మల్ల ఎందుకు బాగు చెయ్యలేరు?"

"ఇంకా పూర్తిగా తెలీదమ్మా. నేను కాలేజీలో రమ్మన్నది ఈ పనికే. వస్తావా?"

జ్యోతిక ముందుకు వంగింది. "గా స్కాను ఇంకోసారి చూపియ్యుండ్రి" అంది.

తల్లీకూతుళ్లు మూసారాంబాగ్‌లో ముత్తమ్మ చెల్లెలి ఇంటికి మారారు. ఉపేంద్రను అతని అన్న తన దగ్గర పెట్టుకున్నాడు. మందులతో చేయెత్తడం తగ్గింది గానీ ఆగలేదు. ఒకరోజు అన్న పన్ను ఊడగొట్టి, తర్వాత తన పిడికిలి చూసుకుంటూ ఏడ్చాడట. అది విని ముత్తమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. జ్యోతికకు మాత్రం తండ్రి మీద కోపమూ పోలేదు, జాలీ పోలేదు. సెలవుల్లో మృదుల దగ్గర కూర్చుని స్కాన్లు చూడటం నేర్చుకోసాగింది.

"గిదంతా సదివి నాయిన్ను బాగుచేస్తవా బిడ్డా?" అని తల్లి అడిగింది.

"చెయ్యలేనేమో అమ్మా. గిట్ల ఎందుకైతదో మాత్రం తెల్సుకుంట."

ముత్తమ్మ లేచింది. చెల్లెలి దగ్గరికి వెళ్లి, "మా పిల్ల మెదడు సదువు సదువుతదంట" అని చెప్పింది.