పేరమ్మ నోరు, నీటికాకులు

నా నోటికి ఊరంతా భయపడుతుందంటారు. అబద్ధం. సగం ఊరే భయపడుతుంది, మిగతా సగానికి చెవుడు.

మాది పులికాట్ ఒడ్డున పల్లె. ఏటా వానలు తగ్గే వేళకు పండుగప్ప పిల్లలు సముద్రం నుంచి ముఖద్వారం గుండా సరస్సులోకి వస్తాయి. అవి లోపలికొచ్చి పెరిగితేనే మాకు చేప. మూడేళ్ళుగా ముఖద్వారం ఇసుక మేట వేసి సన్నబడింది. నీటికాకులకు అది పెళ్ళి పంక్తి అయింది. బారుగా కూర్చుని, వచ్చిన పిల్లను వచ్చినట్టే మింగేస్తున్నాయి.

మా ఆయన ముత్యాలయ్య ఎక్కువ మాట్లాడడు. ఒకరోజు వల విదిలిస్తూ అన్నాడు.

"ఈ ఏడు కూడా పిల్ల దాటకపోతే పడవ అమ్మేసి తడ పోతా మే. ఆడ కంపెనీలో వాచ్‌మన్ పని ఉండాది. నెలకొకసారి వస్తా."

నెలకొకసారట. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ నేనెవర్ని తిట్టుకోవాలి? ఆ మాట పైకి అనలేదు. "పో, పీడా వదులుతుంది" అన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

చేపల ఆఫీసరు నరేంద్రబాబు గారు వచ్చి చూశాడు. పక్షుల్ని చంపకూడదన్నాడు, టపాకాయలు వద్దన్నాడు. పిల్లలు దాటే ఇరవై రోజులూ బెదరగొడితే చాలన్నాడు. అందరం డబ్బాలు వాయించాం. కాకులు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే కూర్చున్నాయి. నాకు ఒళ్ళు మండి నోరు విప్పాను. గుంపంతా లేచిపోయింది, సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

"అమ్మా, దీన్ని రికార్డు చేద్దాం" అన్నాడు ఆఫీసరు భక్తిగా.

పక్క పాలెం పాస్టరు జీవానందం గారు చర్చి స్పీకరు ఇస్తూ, ఒక్క బూతు కూడా దొర్లకూడదని షరతు పెట్టాడు. ఉప్పు లేకుండా పులుసు కాయమన్నట్టుంది. అయినా "నీ నోట్లో మన్నుపడ, నీ గూడు కూల, నీ రెక్కలు ఎన్నటికీ ఆరకపోను" అంటూ పావుగంట తిట్టాను. స్పీకరును ముఖద్వారం దగ్గర కొయ్యకు కట్టి, అదే మళ్ళీ మళ్ళీ వేశారు.

మొదటిరోజు ఒక్క కాకి రాలేదు. మూడోరోజు నాలుగు వచ్చాయి. ఐదోరోజు ఒకటి ఆ స్పీకరు మీదే వాలింది. "నీ రెక్కలు ఎన్నటికీ ఆరకపోను" అని నేను లోపలినుంచి అరుస్తుంటే, అది పైన రెక్కలు చాచి ఆరబెట్టుకుంది. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది.

పరువు పోయి ఇంటికొస్తే ముత్యాలయ్య సంచి సర్దుతున్నాడు. ఆ మనిషికి పంచె మడతపెట్టడం కూడా రాదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. నేరుగా ముఖద్వారానికి పోయి, ఆ స్పీకరు నోరు మూయించి, నా నోరు తెరిచాను.

పదిహేను రోజులు. పొద్దున గంజి తాగి నీళ్ళలో దిగి మొదలుపెడితే పొద్దు వాలేదాకా. ముత్యాలయ్య మంచినీళ్ళు పట్టుకుని పక్కనే కూర్చునేవాడు. కాకులు దూరంగా ఇసుక దిబ్బ మీద ముడుచుకుని చూసేవి. పదకొండోరోజు వేలెడేసి పండుగప్ప పిల్లలు నా కాళ్ళ సందుల్లోంచే గుంపులు గుంపులుగా లోపలికి పోయాయి.

"రికార్డుకు బెదరనివి ఈమెకెట్టా బెదిరినాయి?" అన్నాడు నరేంద్రబాబు గారు.

"ఆ డబ్బా రోజూ ఒకటే పాడింది సార్" అన్నాడు ముత్యాలయ్య. "ఈమె తిట్టిన తిట్టు మళ్ళా తిట్టదు. ముప్పై ఏళ్ళాయె, నాకే ఇంకా అలవాటు కాలా."

దానికి తగిన జవాబు నా దగ్గరుంది, గొంతే లేదు. ఇంటికొచ్చి సంచివైపు చెయ్యి చూపించాను, ఎప్పుడు పోతావని.

ఆయన పంచె బయటికి తీసి, ఖాళీ సంచి కొక్కేనికి తగిలించాడు.

"తడలో నన్నెవురు తిడతారు మే?" అన్నాడు.