రాహేలు ఇండోర్ గేమ్స్

జట్టు మొత్తం జెర్సీలు తొట్టిలో నానుతున్నాయి. ఆదివారం మ్యాచ్ అయిందంటే సోమవారం ఆ మురికి రాహేలుది. కంపెనీ ఫుట్‌బాల్ జట్టుకు చాకలి ఖర్చు దండగని మేనేజరుకు చెప్పి, ఈ భాగ్యాన్ని మొగుడు కృపానందమే ఇంటికి తెచ్చిపెట్టాడు. "పిల్లలా జెల్లలా సార్, మా ఆమె ఇంట్ల ఊకెనే ఉంటది" అన్నాడట. ఊకెనే ఉండే ఆ మనిషి పొద్దున్నే లేచి వంట చేసి, అత్తకు బీపీ మాత్ర అందించి, ఉప్పల్ మిషన్ బడిలో ఎండకు నిలబడి ఆడపిల్లల చేత ఖోఖో ఆడించి, వేలాడుతూ బస్సులో నాచారం చేరి, అప్పుడు మొగుడి జట్టు చెమట ఉతుకుతుంది. గోల్‌కీపర్ జెర్సీ మోచేతుల దగ్గర మట్టి ఎంత రుద్దినా పోదు. ఆ గోల్‌కీపర్ కృపానందమే. ఇవాళ మాత్రం ఆమె రుద్దుతున్నది జెర్సీని కాదు, ఇందాక వెనకనుంచి కృపానందం అన్న మాటని.

"రేపు లీగు కమిటీ ముందల 'క్లబ్బు నాదే' అని ఒక్క మాట అను. నీకేం పోతది?"

క్లబ్బు సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంటుంది. పోయినేడు కృపానందం, అతని దోస్తు బుచ్చిబాబు కలిసి నాచారం ఫ్యాక్టరీల సందులో ఒక రేకుల షెడ్డు తీసుకున్నారు. క్యారమ్సు, చదరంగం పెడతామన్నారు. "నీ పేరు మీదనే పెడుతున్న" అని అతను అంటే పిచ్చిది పొంగిపోయింది. పెళ్లయ్యాక ఆమె పేరు పెట్టి ఆ ఇంట్లో ఎవరైనా పిలిచిందే తక్కువ, అలాంటిది ఎర్ర అక్షరాల బోర్డు! వాళ్ల చర్చి సంఘంలో పిండిమర పెట్టినా, స్కూటరు కొన్నా పాస్టరు అయ్యగారు వచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చేయాల్సిందే. సంజీవరావు అయ్యగారు వచ్చి, కళ్లు మూసుకుని, ఈ స్థలమునకు వచ్చువారందరు దీవెనతో తిరిగి వెళ్లుదురు గాక అని ఎలుగెత్తి ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. కొత్త చీర కట్టుకుని రాహేలు రిబ్బను కత్తిరించింది. కేకు, మిక్చరు పంచారు. షెడ్డు మధ్యలో వేలాడుతున్న పరదాను మాత్రం అయ్యగారూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

పరదా అవతల పేకాట. మ్యాచులున్న రోజుల్లో లీగు జట్ల మీద పందాలు కూడా. కృపానందం గోల్‌పోస్టు ముందు నిలబడి ఆడుతుంటే, అదే మ్యాచ్ మీద అతని సొంత క్లబ్బులో జనం పందెం కాస్తున్నారన్నమాట. సంఘంలో ముందు ఆడవాళ్ల చూపు మారింది, తర్వాత పలకరింపు తగ్గింది. ఆఖరికి జట్టు మేనేజరే ఇంటికొచ్చి చెబితే తప్ప ఆమెకు తెలియలేదు. జూదంలో వాటా ఉన్నవాడు లీగులో బంతి ముట్టుకోవడానికి వీల్లేదట. రుజువైతే ఏళ్ల తరబడి నిషేధం, ఆటతో వచ్చిన కంపెనీ ఉద్యోగం కూడా ఊడుతుంది. అప్పుడు కృపానందానికి జ్ఞానోదయమైంది. క్లబ్బు తనది కాదు, పెళ్లానిది!

"లీగు రూల్సు ఆటగాళ్లకు. నీకేం రూల్సున్నయి? నువ్వు ఆడవు కద."

నువ్వు ఆడవు కద. ఆ మాట దగ్గరే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒకప్పుడు రాష్ట్ర పోటీల్లో పరుగు పందెంలో రాహేలుకు పతకం వచ్చింది. కృపానందం ఆమెను మొదట చూసిందే మైదానంలో. పెళ్లయిన వారానికే అత్త సత్తమ్మ, "కోడలు నిక్కరేసుకోని ఉరుకుతదా? నలుగురు నవ్వుతరే" అంది. అతను పక్కనే కూర్చుని చాయ్ తాగాడు. అప్పటినుంచి ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఈల ఊదుతూ, ఇంకొకరి పిల్లల్ని పరిగెత్తిస్తోంది. పరిగెత్తడం మాన్పించిన మనిషే ఇవాళ నువ్వు ఆడవు కద అంటున్నాడు, అదేదో ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణమైనట్టు. ఒళ్లు మండింది. మండినా జెర్సీ పిండి తీగ మీద వేసింది, ఎందుకంటే చేతులకు అలవాటైపోయింది.

"మరి నా ఉద్యోగం?" అని అడిగింది. పోయిన వారమే హెడ్మిస్ట్రెస్ విక్టోరియా ఆమెను గదిలోకి పిలిచి, పేకాట క్లబ్బు నీదని తేలితే మిషన్ బడిలో నిన్ను ఉంచలేనని ముఖం మీదే చెప్పింది.

"ఈల ఊదుడు కూడ ఒక ఉద్యోగమేనానే?" కృపానందం నవ్వాడు.

అరుగు మీద బియ్యం ఏరుతున్న సత్తమ్మ అందుకుంది. "మొగోని పేరు చెడితె ఇల్లు నిలవడదు బిడ్డా. ఆడిదాని పేరు ఎవలడుగుతరు?" ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. బియ్యంలో రాయి దొరికింది అన్నంత మామూలుగా అంది. తన పేరు కూడా ఎవరూ అడగలేదు కాబోలు, పాపం. రాహేలుకు జాలి కలిగింది, ఆ జాలి కలిగినందుకు విసుగూ వచ్చింది.

"అయితే క్లబ్బు నిజంగ నాదేనా?"

"నీదే అంటున్న గద."

"మీకు సంబంధం లేదు?"

"బొత్తిగ లేదు. బైబిలు ముట్టి చెప్పుమన్న చెప్త."

ఆ పూటంతా ఆమె ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయింది. తుడిచిన గిన్నెలే మళ్లీ తుడిచింది. అతని ఉద్యోగం పోతే అద్దె ఎట్లా, తన ఉద్యోగం పోతే తనెట్లా? బడిలో ఖోఖో పిల్లలకు జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. ఇద్దరిలో ఎవరిదో ఒకరిది పోవాల్సిందే అయితే, తప్పు చేసినవాడిది ఎందుకు పోకూడదు? ఇంత చిన్న ప్రశ్న వేసుకోవడానికి ఇంత భయమెందుకో ఆమెకే అర్థం కాలేదు.

మర్నాడు కృపానందం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముందుగా మేనేజర్ని కలవాలని స్కూటరు మీద వెళ్లిపోయాడు. "లీగు ఆఫీసుకు టైముకు రా. తల వంచుకోని నిలవడు" అని చెప్పి మరీ వెళ్లాడు. రాహేలు ఇల్లు సర్దుకుని బయటికొచ్చింది. లీగు ఆఫీసుకు పోయే సికింద్రాబాద్ బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఫ్యాక్టరీల సందులోకి నడిచింది. అన్నాళ్లూ బస్సు కిటికీలోంచి ముఖం తిప్పుకున్న బోర్డు కింద నిలబడింది. 'రాహేలు ఇండోర్ గేమ్స్.' క్యారమ్ బోర్డుల మీద దుమ్ము వేలుతో పేరు రాసేంత ఉంది. ఆమె తిన్నగా వెళ్లి పరదా పక్కకు లాగింది.

నైట్ డ్యూటీ దిగి వచ్చిన మగవాళ్లు ముక్కలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"లేవుండ్రి. దుకాణం మూస్తున్న." మైదానంలో వాడే గొంతు అది. ఒకడు నిజంగానే లేచి నిలబడ్డాడు.

బుచ్చిబాబు పరుగున వచ్చాడు. "వదినా, గిదేంది? అన్న చెప్పాలె గద!"

"అన్నకు సంబంధం లేదట. నిన్న ఆయనే అన్నడు. బైబిలు గూడ ముడ్తడట. ఏం బుచ్చిబాబూ, ఉన్నదా సంబంధం?"

ఎవరడిగినా క్లబ్బు వదినదే అనాలని బుచ్చిబాబుకు నాలుగు రోజులుగా పాఠం. ఆ పాఠం వదినకే అప్పజెప్పాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు. బుర్ర గోక్కుంటూ, "నీదే వదినా" అన్నాడు. ఆటగాళ్లు గొణుక్కుంటూ చెప్పులు వెతుక్కున్నారు. మేకుకు వేలాడుతున్న తాళం తీసి షెడ్డుకు వేసి, ఒకటికి రెండుసార్లు లాగి చూసింది. భయం సగం, సంతోషం సగం. ఎన్నేళ్లయిందో, ఒక పని తనకు తోచినట్టు చేసి.

లీగు ఆఫీసులో బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు సీతారామయ్య, రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. కృపానందం అప్పటికే వచ్చి కూర్చున్నాడు. రాహేలుకు అతని పక్కనే కుర్చీ వేశారు.

"చూడమ్మా, నాచారంలో ఉన్న ఆ క్లబ్బు నీదేనా?"

"నా పేరే ఉన్నది సార్."

కృపానందం కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ ఆయనకు అందులో భాగం లేదా?"

"లేదని నాకు చెప్పిండు సార్. అందుకే పొద్దున పోయిన. లోపల పేకాట ఆడుతున్నరు. అందర్ని ఎల్లగొట్టి తాళమేసిన. ఇంక తెరువను."

"తాళమేసినవా?" కృపానందం లేచి నిలబడ్డాడు. "ఎవర్నడిగి ఏసినవే? బుచ్చిగాడేం జేస్తున్నడు? నా పైసలన్నీ దాన్లనే..."

అక్కడ ఆగాడు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. బల్ల అవతల ముగ్గురూ అతన్నే చూస్తున్నారు. అతను అలా లేస్తాడని రాహేలు అనుకోలేదని చెబితే అది అబద్ధం. ఇన్నేళ్లు కాపురం చేసింది, ఆ మాత్రం తెలియదా?

కృపానందం నెమ్మదిగా కూర్చున్నాడు. బల్ల కింద ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బెదిరింపు ఉందో బతిమాలడం ఉందో ఆమె తేల్చుకోదలచుకోలేదు. బంతిని పట్టిన చేతులు, గట్టివి. ఆమె ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది.

సీతారామయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మళ్లీ అడుగుతున్నానమ్మా. భయపడకు. ఆ క్లబ్బు ఎవరిది?"

రాహేలు తల ఎత్తింది.

"క్లబ్బు ఆయనది సార్. పేరొక్కటే నాది. అది నేను తీస్కపోతున్న."