నడిచొచ్చిన ఇల్లు

పట్టపగలు, అందరి కళ్ళముందే, దొర మనుషులు బసీలియా ముసలమ్మ ఇంటి నిచ్చెన పీకి మడిలోకి విసిరేశారు. వెదురు గుంజల మీద నిలబడ్డ ఇంటికి నిచ్చెన తీసేశారంటే, ఆ మనిషిని ఊళ్ళోంచి తీసేసినట్టే.

"నేల దొరది. వారంలో గుడిసె లేవకపోతే తగలబెడతాం. లూమింగ్‌కి ఓటేసిన ప్రతివాడికీ ఇదే గతి" అన్నాడు దొర మేనేజరు కాస్తోర్.

లూమింగ్ మూడేళ్ళు అడవుల్లో జపాను సైన్యం మీద తుపాకి పట్టినవాడు. యుద్ధం ముగిశాక మళ్ళీ అదే దొర మడిలో నాగలి పట్టాడు. లూసోన్ దీవి వరి మైదానంలో వీరుడి బతుకు అంతే మరి. మొన్నటి ఎన్నికల్లో కౌలురైతులు అతనికి నల్లబూట్లు కొనిపెట్టి, పట్టణసభకు పంపారు.

ఆరు రోజులు అర్జీ పట్టుకుని మేయరు గుమ్మం చుట్టూ తిరిగాడు. ఒకరోజు మేయరు భోంచేస్తున్నాడు. ఒకరోజు నిద్రపోతున్నాడు. ఆరోరోజు నవ్వాడు: "సిపాయివి కదయ్యా, చెప్పింది వినడం నేర్పలేదా?"

ఏడోరోజు పొద్దున జనమంతా బసీలియా ఇంటికింద చేరారు.

"ఇంకొక్కసారి వెళ్తాను. చట్టప్రకారం..." అన్నాడు లూమింగ్.

"బూడిద మీద సంతకం పెట్టించుకొస్తావా అన్నా?" అంది పురింగ్. నాట్ల ముఠాకి ఆమే పెద్ద. "ఒకప్పుడు నా పక్కన మోకాల్లోతు బురదలో నిలబడ్డావు. ఇప్పుడు బూట్లు పాడవుతాయని గట్టు దిగట్లేదు."

జనం పగలబడి నవ్వారు. తొడలో తూటా దిగినప్పుడు కూడా అతనికి అంత మండలేదు.

"నేల దొరదే. మరి ఇల్లెవరిది?" అని అరిచాడు.

"నాది! మా ఆయన వెదురు నరికాడు, నేను కప్పుకి ఆకు కుట్టాను" అంది పైనుంచి బసీలియా.

"అయితే మోసుకుపోదాం. టౌనుహాలు ముందున్న నేల ఏ దొరదీ కాదు." లూమింగ్ బూట్లు విప్పేశాడు.

ఇంటికింద పొడవాటి వెదుళ్ళు దూర్చి, గుంజలు నేలలోంచి వదులు చేశారు. నలభై భుజాలు లేచాయి. ముసలమ్మ దిగనంది, కుండ ఒళ్ళో పెట్టుకుని లోపలే కూర్చుంది.

"ఎడమ! కుడి! ఎడమ!" లూమింగ్ కవాతు అడుగు అందుకున్నాడు. ఇల్లు పక్కకి ఒరిగింది. కుండలో నీళ్ళు అతని మెడమీద పడ్డాయి.

"ఒరేయ్ లూమింగూ! యుద్ధం చేసింది చాలు, నా కొంప కూలుస్తావా?"

"నువ్వు నోర్మూసుకుని మొయ్యి అన్నా" అని పురింగ్ నాట్లప్పటి లెక్క ఎత్తుకుంది. "ఒకటీ... ఆగు. రెండూ... ఆగు."

లూమింగ్ నోరు మూశాడు. ఇల్లు నిటారుగా నడిచింది.

టౌనుహాలు కనబడగానే పురింగ్ లెక్క జనానికి అప్పగించి ఊళ్ళోకి వెనక్కి పరిగెత్తింది. టౌనుహాలు ముందు ఇల్లు ఇంకా దించుతుండగానే పోలీసులు దిగారు.

"ఎవడ్రా దీనికి బాధ్యుడు?"

"నేనే."

"అయితే తీసెయ్."

"నేనొక్కణ్ణే మోసుకొచ్చానా, ఒక్కణ్ణే తీసెయ్యడానికి?"

లూమింగ్‌కి సంకెళ్ళు వేసి జీపు ఎక్కించారు. పొలాల మలుపు దగ్గర జీపు ఆగిపోయింది. ఎదురుగా, రోడ్డు నిండా, ఇంకో ఇల్లు వస్తోంది. దాని వెనక మరొకటి.

పోలీసు హారను మోగించాడు. "పక్కకి తప్పుకోండి! వెనక్కి తిప్పండి!"

"ఇల్లు వెనక్కి నడవదు సారూ" అంది ముందు నడుస్తున్న పురింగ్. "జీపు నడుస్తుంది, తిప్పుకోండి."

ఆమె లెక్క ఆపలేదు. జీపు వెనక్కి పోవడం మొదలెట్టింది. లోపల, బురద ఆరని లూమింగ్ కాళ్ళు ఆ లెక్క ప్రకారమే అడుగు వేస్తున్నాయి.