పన్నెండు రోజులు, ఐదు దేశాలు

సర్వే ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా బొంగరం అంటారు. ముప్పై ఏళ్లుగా భూములు కొలుస్తున్న మనిషి. కుర్చీలో అరగంట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. ఆ రోజు సెలవు పెట్టి మరీ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భోజనాల బల్ల మీద ఆఫ్రికా పటం పరిచి ఉంది. సాయంత్రం ఐదులోగా ట్రావెల్స్ అమ్మాయికి ఏ సంగతో చెప్పకపోతే అక్కడి గదులు వేరేవాళ్లకి పోతాయి. ఆసుపత్రిలో నర్సుగా చేసే భార్యకి ఇరవై ఆరేళ్లలో మొదటిసారి పన్నెండు రోజులు వరసగా సెలవు దొరికింది.

"రువాండాలో గొరిల్లాలు, టాంజానియాలో ఏనుగులు, కెన్యాలో సింహాలు, బోట్స్‌వానాలో పడవ, మొజాంబిక్‌లో సముద్రం. అన్నీ అడవికి హాని చెయ్యని బసలే. ఎండతో కరెంటు, ఊరివాళ్లకే పని, ప్లాస్టిక్ సీసా కనపడదు."

"విమానాలెన్ని?" అంది భార్య యూనిఫాం ఇస్త్రీ చేస్తూ.

"తొమ్మిది."

"అడవిని వదిలేసి ఆకాశాన్ని పాడు చేస్తామన్నమాట."

"పోనీ, రువాండా నుంచి టాంజానియాకి బస్సులో వెళ్దాం. ఇదిగో చూడు, బెత్తెడే!"

"ఆ బెత్తెడు ఎన్ని గంటలో అడగండి."

ఫోన్ చేశాడు. "అది రోడ్డు మీద రోజున్నర సార్," అంది ట్రావెల్స్ అమ్మాయి. ఊరంతా గొలుసు పట్టి కొలిచినవాడు పటం మీద బెత్తెడు దగ్గర బోల్తా పడ్డాడు. భార్య నవ్వలేదు. అందుకే ఆయనకి భయం వేసింది.

"ఏమండీ, వార్డు నుంచి వార్డుకి పరిగెత్తడానికి నేను సముద్రం దాటి రావాలా? ఆ పని ఇక్కడ జీతమిచ్చి మరీ చేయిస్తున్నారు. ఐదు దేశాలైతే మీరొక్కరే వెళ్లిరండి. నేను ఇంట్లో పడి నిద్రపోతాను."

కోపం లేదు. రోగిని చూసే వేళ అయిపోయిందని చుట్టాలకి చెప్పే గొంతు అది.

"మరి నీకేం చూడాలనుంది?" ఇన్నాళ్లూ ఆ మాట అడగలేదని అప్పుడు తట్టింది.

"ఏనుగు నీళ్లు తాగుతుంటే చూడాలి. అది ఎంతసేపు తాగితే అంతసేపు. దాని వెంట జీపు వేసుకుని పడకుండా."

ఆయన బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పొద్దున దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఒక కన్ను గడియారం మీదే ఉంటుంది. ఆ దేవుడు చేసిన ప్రాణులన్నీ వచ్చి తనకి హాజరు పలకాలని ఎందుకనుకున్నాడో! తను చూడకపోతే వాటికేం తక్కువ?

రువాండా కొట్టేశాడు. మొజాంబిక్ కొట్టేశాడు. బోట్స్‌వానా దగ్గర పెన్సిలు ఆగింది.

"మళ్లీ ఎప్పుడైనా వెళ్తామంటావా?"

"తెలీదు," అంది భార్య.

అదీ కొట్టేసి ఫోన్ తీశాడు. టాంజానియాలో నీటిగుంట పక్కన ఐదు రాత్రులు, సరిహద్దు దాటడానికి బస్సు, కెన్యాలో రైలు, చివర అక్కడి సముద్రం.

"ఐదు రాత్రులూ ఒకే చోటా సార్? పక్కన ఇంకో పార్కుంది, తెల్లారే బయల్దేరితే..."

ఆయన ప్రాణం లేచొచ్చింది. "ఎంత దూ..." అనబోయి ఆగాడు. భార్య ఇస్త్రీ పెట్టె పైకెత్తి పట్టుకుని వింటోంది.

"వద్దమ్మా. అక్కడ మాకు పనుంది."

"అడవిలో ఏం పని సార్?"

ఆయన ఫోను భార్యకి అందించాడు. ఆమె ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపి తీసుకుంది.

"రాసుకో అమ్మా," అంది. "ఇద్దరికి."